ఒక్క డిస్కు, ఊరంతా మనవాళ్ళే

డబ్బు పెట్టి కొన్న సినిమా నాదే అనుకున్నాను. నాదైనప్పుడు మా అక్కదీ, మా మేనత్తదీ, మా బావమరిది వాళ్ళదీ కూడా అనుకున్నాను. ఇందులో తప్పెక్కడుందో చాలా ఏళ్ళపాటు నాకు తట్టలేదు. తట్టేసరికి మా బాబాయి డబ్బు పోయింది. కాకినాడలో ఒక నిజాయితీపరుడి పేరు పోయింది. రెండూ నావల్లే పోయాయి.

మాది యానాం. ఉద్యోగం పుదుచ్చేరిలో. రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతమే అయినా మధ్యలో ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఫ్రెంచివాళ్ళు 1954లో వెళ్ళిపోయినా వాళ్ళ పాలనలో కలిసున్న ఊళ్ళు అలాగే కలిసుండిపోయాయి. అందుకే యానాం పిల్లల్లో చాలామందికి సర్కారు కొలువంటే ఈ తమిళ ఊరే. నేను ఉప్పళంలో ఇందిరాగాంధీ స్టేడియానికి దగ్గర్లో, మేడ మీద గదిలో దిగాను. పగలంతా ఆఫీసులో తమిళం, సాయంత్రం వీధిలో తమిళం. ఊళ్ళో థియేటర్లకి తెలుగు సినిమా రావడమే తక్కువ, వచ్చినా నిలిచేది ఇంకా తక్కువ. తెలుగు మాట వినాలంటే డిస్కులే దిక్కు.

అప్పట్లో డిస్కు కొనడం సులువైపోయింది. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకీ, డీవీడీని 34 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టాక, అంతకుముందు ఆలోచించి ఆలోచించి కొనే వస్తువు టిఫిను ఖర్చుతో వచ్చేసింది. యానాం వెళ్ళినప్పుడల్లా కాకినాడ వెళ్ళి కొనుక్కొచ్చేవాణ్ణి. వోల్గా, శ్రీబాలాజీ, శాలిమార్ పేర్లున్న పెట్టెలు గదిలో గోడవారగా పేర్చుకున్నాను. దొంగ సీడీ ఒక్కటీ కొనలేదు. ఆ విషయంలో నాకు గర్వం ఉండేది. బస్టాండు దగ్గర గోనెపట్టా మీద పరిచి అమ్మేవాటి వంక చూసేవాణ్ణి కూడా కాదు. ఆ గర్వమే నా కళ్ళు కప్పింది. కొనేది సక్రమంగా కొంటున్నాను కాబట్టి, కొన్నాక ఏం చేసినా సక్రమమే అనుకున్నాను.

చేసిందేమిటంటే కాపీలు. ఆఫీసు నుంచి రాగానే కంప్యూటర్లో డిస్కు పెట్టేవాణ్ణి. డీవీడీకి తాళం ఉంటుంది. దాన్ని విప్పే సాఫ్ట్‌వేరు స్నేహితుడొకడు ఇచ్చాడు. రాత్రంతా ఆ యంత్రం ముక్కుతూ మూలుగుతూ నాలుగు గిగాబైట్ల సినిమాని ఏడు వందల మెగాబైట్లకి కుదించేది. పొద్దున్నే ఖాళీ సీడీ మీద దించి, నల్లటి మార్కరుతో సినిమా పేరు రాసి, ఆరిందాకా ఆగి, కాగితం కవరులో పెట్టేవాణ్ణి. అక్కకొకటి, అత్తకొకటి, హైదరాబాదులో అన్నయ్యకొకటి. సొంతవూరికి దూరంగా ఉన్నవాడికి ఇంటివాళ్ళ కోసం ఏదో ఒకటి చేయాలనే తపన ఉంటుంది. నాకు అది ఈ రూపంలో తీరింది.

వండిన కూర పక్కింటికి పంపితే మన గిన్నెలో కాస్త తగ్గుతుంది. కాపీ పంపితే ఏమీ తగ్గదు. నా పెట్టె నా దగ్గరే ఉంది, నా సినిమా నాకు ఉంది, అవతలివాళ్ళకీ చేరింది. నా దగ్గర తగ్గలేదు కాబట్టి ఎక్కడా తగ్గలేదని నమ్మాను. నా మూర్ఖత్వమంతా ఆ నమ్మకంలోనే ఉంది.

2009 ప్రాంతంలో మా బాబాయి ఒక సినిమా తీశాడు. నాన్నకి ఆఖరి తమ్ముడు. చిన్నప్పుడు నన్ను భుజాలమీద ఎక్కించుకుని నాటకాలకి తీసుకెళ్ళినవాడు. పొలం అమ్మి, ఇద్దరు స్నేహితుల్ని కలుపుకుని, కొత్తవాళ్ళతో తీశాడు. జిల్లాలో కొన్ని థియేటర్లలో వారం ఆడింది. వీడియో కంపెనీలు కొనడానికి ముందుకు రాలేదు. సరే, నేనే వేస్తానని సొంతంగా వెయ్యి డీవీడీలు అచ్చు వేయించి, గోదావరి జిల్లాల్లో షాపులకి అమ్మినాక డబ్బిచ్చే పద్ధతి మీద పంచాడు. ధర 99 రూపాయలు. కాకినాడలో ఒక చిన్న షాపు కుర్రాడికి రెండు వందలిచ్చాడు. మనూళ్ళ చుట్టుపక్కలే మన చుట్టాలున్నారు కదా, ముందు అక్కడే అమ్ముడవుతాయని ఆయన లెక్క.

నేను సెలవుకి వచ్చి, ఆ షాపులో ఒక డిస్కు కొన్నాను. ఒక్కటే. ఉప్పళం తెచ్చి, అందరికీ కాపీలు తీశాను. మామూలుగా తీసేవాటికన్నా శ్రద్ధగా తీశాను. ఇది మా ఇంటి సినిమా. సినిమా మొదట్లో తెర మీద వచ్చేలా ఒక పేరు అట్ట కూడా తయారుచేసి అతికించాను: పసుపు అక్షరాలతో, మన బాబాయి సినిమా, మన ఇంటివాళ్ళ కోసం, అని. పార్శిలు కట్టి యానాం పంపితే అక్క అందరికీ పంచిపెట్టింది. ఫోన్ల మీద ఫోన్లు. ఎంత బాగా పంపావురా, నీకున్న అభిమానం ఎవరికుంటుందిరా అని అత్త కంటతడి పెట్టుకుంది.

ఆ డీవీడీ పెట్టె వెనక ఏముందో అప్పుడు చదవలేదు. కాపీరైటు చట్టంలో 52ఎ అని ఒక సెక్షను ఉంది. వీడియోగా అమ్మే సినిమా పెట్టె మీద సెన్సారు సర్టిఫికెట్టు ప్రతి, తయారుచేసినవారి పేరూ చిరునామా, కాపీరైటు యజమాని పేరూ చిరునామా ఉండాలి. బాబాయి అన్నీ పద్ధతిగా వేయించాడు. వేలెడంత జాగాలో, చిన్న అక్షరాల్లో, మా తాతగారి ఇంటి నంబరు, వీధి పేరు, యానాం పిన్‌కోడు. నేను ఎవరి సొమ్ము ముట్టుకుంటున్నానో ఆ అట్టే చెబుతోంది. నేను పుట్టిన ఇంటి చిరునామా అది.

కొన్నాళ్ళకి మా బావ ఫోన్ చేశాడు, మహా సంబరంగా. కాకినాడ నుంచి హైదరాబాదు పోయే వీడియో కోచ్‌లో బాబాయి సినిమా వేశారట. "మొదట్లో పసుపు అక్షరాలు కూడా వచ్చాయిరా, నువ్వు పెట్టినవే!" నేనూ సంబరపడ్డాను. మన సినిమా బస్సులో ఆడుతోంది, నలుగురూ చూస్తున్నారు అనుకున్నాను. ఇంటివాళ్ళ కోసమని రాసిన ముక్క ఇంటివాళ్ళు కానివాళ్ళ ముందు ఎలా ఆడిందని అడగాలనే తోచలేదు. తర్వాత తెలిసింది. అత్త కొడుకు కాలేజీ హాస్టల్లో ఇచ్చాడు. అక్కణ్ణుంచి ఒకడు వాళ్ళ మామయ్యకి ఇచ్చాడు. ఆ మామయ్య బస్సు డ్రైవరు. ఇచ్చిన ప్రతివాడూ తనవాడికే ఇచ్చాడు. పైసా ఎవరూ తీసుకోలేదు.

ఆ ఏడాది మా పిన్ని కూతురి పెళ్ళిలో బాబాయి నన్ను పందిట్లో పక్కకి పిలిచి అడిగాడు. "ఏరా అబ్బాయ్, మనవాళ్ళు డిస్కులు కొన్నారా?"

"అందరూ కొన్నారు బాబాయ్" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో ఇవాళ్టికీ నాకు పూర్తిగా అంతుపట్టదు. అబద్ధం చెప్పాలని అనుకోలేదు. అందరి దగ్గరా ఉంది కదా, ఉన్నట్టే కదా అనిపించింది. పెళ్ళి హడావిడిలో ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకనిపించింది. బాబాయి ముఖం ఒక్క క్షణం వెలిగింది. మరుక్షణం ముడుచుకుపోయింది. "మరి ఆ కాకినాడ కుర్రాడు మూడే అమ్ముడయ్యాయంటున్నాడేంట్రా? మన చుట్టాలే పాతిక ఇళ్ళున్నారు." నేను నోరు మెదపలేదు. పెళ్ళయిన మర్నాడే బాబాయి కాకినాడ వెళ్ళి ఆ కుర్రాణ్ణి పదిమందిలో నిలదీశాడు. అమ్మిన డబ్బు మింగి అమ్ముడవలేదంటున్నావని, దొంగవని అన్నాడు. మిగిలిన డిస్కులు వెనక్కి తెచ్చేసుకున్నాడు. వాడికి సరుకివ్వొద్దని తెలిసిన వ్యాపారస్తులందరికీ చెప్పాడు. ఇదంతా అమ్మ ఫోన్లో చెబుతుంటే ఉప్పళంలో మేడ మెట్ల మీద కూర్చుని విన్నాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

2013 సెప్టెంబరులో పేపర్లో ఒక వార్త వచ్చింది. 'అత్తారింటికి దారేది' విడుదలకి ముందే గంటన్నర నిడివి బయటికి పొక్కింది. కృష్ణా జిల్లా పెడనలో ఆ సీడీ యాభై రూపాయలకి అమ్ముతుంటే పట్టుకున్నారు. అక్టోబరు 9న రావాల్సిన సినిమాని నిర్మాత ఆదరాబాదరాగా సెప్టెంబరు 27నే విడుదల చేసుకోవాల్సొచ్చింది. పోలీసులు తీగ లాగితే కదిలిన డొంకలో పేరుమోసిన ముఠా ఏదీ లేదు. చిత్ర బృందంలో పనిచేసే ఒకరు స్నేహితుడికి చూడమని ఇచ్చాడు, ఆ స్నేహితుడు ఇంకో స్నేహితుడికి, అలా చేతులు మారి మారి పెడన సీడీ షాపుకి చేరింది. అది చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. అత్త, అత్త కొడుకు, హాస్టలు, మామయ్య, బస్సు. అదే దారి. పవన్ కల్యాణ్ సినిమా కాబట్టి తట్టుకుని నిలిచింది, పెద్ద హిట్టయింది. మా బాబాయి సినిమాకి ఆ బలం ఎక్కడిది?

ఆ వార్త తర్వాతే చట్టం చదవడం మొదలుపెట్టాను. 1957 నాటి కాపీరైటు చట్టం 14వ సెక్షను సూటిగానే చెబుతుంది: సినిమా ప్రతి తీయడం, ఏ మాధ్యమంలోనైనా దాచడం, ప్రజలకి చేరవేయడం హక్కుదారుడి చేతిలో పని. నేను కొన్నది ఆ ప్లాస్టిక్ బిళ్ళని. ఆ బిళ్ళని అక్కకి ఇచ్చేయొచ్చు, చూసి తెమ్మని అత్తకి ఇవ్వొచ్చు, ఇంట్లో పదిమందిని కూర్చోబెట్టి చూపించొచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంకో బిళ్ళ పుట్టించే హక్కు మాత్రం 99 రూపాయల్లో లేదు. అద్దెకిచ్చే వ్యాపారం సంగతి వేరు, దానికి మళ్ళీ అనుమతి కావాలి.

సొంత వాడకానికి మినహాయింపు లేదా అంటే, ఉంది. కానీ నేను కాపీలు తీసిన రోజుల్లో అది పుస్తకాలకీ, నాటకాలకీ, సంగీతానికీ, బొమ్మలకీ మాత్రమే. సినిమాకి లేదు. 2012 జూన్ 21న అమల్లోకి వచ్చిన సవరణతోనే 52వ సెక్షనులో సొంత వాడకం, వ్యక్తిగత వాడకం అనే మినహాయింపు సినిమాలకీ వర్తించింది. అదే సవరణతో 65ఎ కూడా వచ్చింది: హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం విప్పితే రెండేళ్ళదాకా జైలు. ఈ రెండూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది. నా డిస్కు గీతలు పడుతుందని నాకోసం ఒక ప్రతి దాచుకుంటే వాదించుకోవడానికి నాకొక మాట ఉంది. పాతిక ఇళ్ళకి పంచి, అది నా సొంత వాడకమంటే ఏ న్యాయమూర్తీ ఒప్పుకోడని నా నమ్మకం. విదేశం నుంచి కాపీ తెచ్చుకునే విషయంలో కూడా 51వ సెక్షను తెచ్చుకునేవాడి ఇంటి అవసరానికి ఒక్క ప్రతినే మన్నిస్తుంది. 63వ సెక్షను కింద శిక్ష ఆర్నెల్ల నుంచి మూడేళ్ళు, జరిమానా 50 వేల నుంచి 2 లక్షలు. లాభం కోసం కానప్పుడు తగిన కారణాలు రాసి కోర్టు తగ్గించవచ్చు. అంటే ప్రేమతో చేశామన్నది శిక్షలో తేడా తెస్తుంది కానీ నేరాన్ని చెరిపేయదు.

ఇదంతా మా ఇంటి ఓనరు అయ్యతో ఒక సాయంత్రం చెప్పుకున్నాను. ఆయన ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పెన్షను తీసుకునే మనిషి, ఇప్పటికీ ఫ్రెంచి పత్రికలు తెప్పించుకుంటాడు. "తంబీ, నీ కథ పారిస్ కోర్టుదాకా వెళ్ళింది" అన్నాడు. డేవిడ్ లించ్ తీసిన 'మల్హాలండ్ డ్రైవ్' డీవీడీని ఒకాయన కొనుక్కున్నాడు. అమ్మ వాళ్ళింట్లో చూసుకోవడానికి క్యాసెట్టు మీదకి కాపీ తీయబోతే తాళం అడ్డొచ్చింది. వినియోగదారుల సంఘంతో కలిసి కోర్టుకెక్కాడు. ఫ్రాన్సులో సొంత కాపీకి చట్టం ఏనాటి నుంచో చోటిచ్చింది. 1985 నుంచి ఖాళీ క్యాసెట్ల ధరలోనే కళాకారుల కోసం కొంత రుసుము కలిపి వసూలు చేస్తోంది. ఇంటివాళ్ళ మధ్య ఉచితంగా చూసుకునే ప్రదర్శనకి ప్రత్యేకంగా రక్షణ కూడా ఉంది. అయినా 2004లో కింది కోర్టు ఆయన వాదన కొట్టేసింది, 2005లో అప్పీలు కోర్టు ఒప్పుకుంది, 2006 ఫిబ్రవరి 28న అత్యున్నత కోర్టు ఆ తీర్పుని రద్దు చేసింది. డిజిటల్ కాలంలో కాపీ ఎంత తేలికో, సినిమా ఖర్చు తిరిగి రావడానికి డీవీడీ అమ్మకాలు ఎంత ముఖ్యమో చూడాలంది. ఆయన పాపం ఒక్క కాపీ, అమ్మ కోసం. ఆ తీర్పు కటువైనదనే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అది ఫ్రాన్సు తీర్పు, మనకి వర్తించదు కూడా. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆయన కోర్టుని అడిగాడు. నేను సొంత బాబాయిని కూడా అడగలేదు.

చట్టం మీద నాకు తగువు లేదని కాదు. మన దేశంలో సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది తర్వాత నుంచి అరవై ఏళ్ళు. 1957లో వచ్చిన 'మాయాబజార్' గడువు 2017 ఆఖరుతో తీరింది. అయినా దాన్ని రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు కాబట్టి ఆయన రాతకి 2031 ఆఖరుదాకా రక్షణ ఉంటుంది. ఇన్నేళ్ళ కాపలాలో అమ్మేవాడూ లేక, దాచేవాడూ లేక ఎన్ని సినిమాలు పోలేదు? 1932 నాటి 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఇవాళ దొరకదు. ఎవరూ అమ్మని సినిమాని ఎవరో ఒకరు కాపీ తీసి బతికిస్తే వాళ్ళని నేను తప్పుపట్టలేను. ఆ కాపలా సడలాలని గట్టిగా కోరేవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ నా సంగతికి ఆ ముసుగు సరిపోదు. మా బాబాయి సినిమా అప్పుడు కాకినాడలో షాపు అల్మారాలో ఉండేది. డబ్బులిస్తే ఇచ్చేవారు.

ఇప్పుడు డిస్కులు పోయి పాస్‌వర్డులు వచ్చాయి. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలోనూ ఒక ఖాతా ఒక ఇంటికే అని కట్టడి చేసినప్పుడు మా మేనల్లుడు నా ఇంకో ఖాతా పాస్‌వర్డు అడిగాడు. వాడికి కుదరదని చెప్పి, ఏడాది చందా నేనే కట్టాను. ఎందుకు మావయ్యా అంత పట్టుదల అని వాడడిగితే బాబాయి సంగతి మొదటిసారి బయటపెట్టాను. వాడు అంతా విని, "తాతయ్యకి చెప్పావా?" అన్నాడు.

ఆ వారమే రైలెక్కాను. బాబాయి ఇంటి అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఒక్క డిస్కు కొన్నదీ, పసుపు అక్షరాలూ, బస్సూ, పెళ్ళిలో ఆడిన అబద్ధమూ. ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. చాలాసేపు నా వంక చూడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి చొక్కా వేసుకొచ్చి, "పద, కాకినాడ" అన్నాడు.

ఆ షాపు ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. ఆ కుర్రాడికి జుట్టు నెరిసింది. బాబాయిని చూడగానే గుర్తుపట్టి స్టూలు లాగి వేశాడు. "తప్పు నాదండీ, మిమ్మల్ని అనరాని మాటన్నాను" అని బాబాయి చేతులు జోడించాడు. అతను కంగారుపడి ఆ చేతులు పట్టుకుని దించాడు. నేను జరిగింది చెప్పబోయాను.

"ఆయ్, నాకు అప్పుడే తెలుసండీ" అన్నాడతను. "మీ వాళ్ళు చాలామందే వచ్చారండీ షాపుకి. డిస్కు చేతిలోకి తీసుకుని, అట్ట మీద పేరు చూసుకుని మురిసిపోయి, మా ఇంట్లో ఉందండీ, మావాడు పంపాడు అని అక్కడే పెట్టేసి వెళ్ళేవారు. ఆ మాట నేను మీతో అన్నానండీ ఆ రోజు. మీరు నమ్మలేదు. మీవాడే అందరూ కొన్నారని చెప్పాడంట కదండీ."